నలభై మందికి ఒకే అమ్మ

మా వీధి మొత్తం మీద నా అంత తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నవాడు ఇంకొకడు లేడని గట్టిగా చెప్పగలను. తిరుపతిలో మా నాయనది పాత్రల అంగడి. పక్కన బట్టల అంగడి, ఎదురుగా పసుపు కుంకుమల అంగడి, ఆ పక్కన తాళాల అంగడి. ఆ అంగళ్ల పిల్లలందరూ బుద్ధిగా బీకామ్‌లో చేరితే, నేనొక్కడినే బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నాను. ఇంగ్లీషు వచ్చి కాదు. ఆ గ్రూపులో సీట్లు మిగిలిపోయాయని, చేరితే ఫీజు తగ్గిస్తారని కాలేజీ గుమాస్తా చెప్పాడు. సరుకు ఎందుకు మిగిలిపోయిందో అడగకుండా, రేటు తగ్గిందని ఎగబడే గిరాకీని చూసి మేము అంగట్లో నవ్వుకుంటాం. ఆ రోజు ఆ గిరాకీని నేనే. పైగా ఇంకాస్త తగ్గించమని గుమాస్తాతో అరగంట బేరమాడి, గెలిచి, ఇంటికొచ్చి మా నాయన ముందు మీసం తిప్పాను.

ఆ మిగిలిపోయిన సరుకుతో పాటు నాకు దొరికినవాడు మా ఇంగ్లీషు సారు. పోయిన నెల ఆయన పోయాడని తెలిసింది. పేరు రాయను. పేర్లంటే ఆయనకు పడదు. క్లాసులో కవిత చదివేటప్పుడు కవి పేరును బొటనవేలితో మూసిపెట్టి చదివేవాడు. "పేరు తెలిస్తే మీరు భయపడతారు, లేదంటే దండం పెడతారు. రెండూ వద్దప్పా, పోయెం సూడండి" అనేవాడు.

ఆయనది నగరి. మరమగ్గాల ఇల్లు. మా కాలేజీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు; ప్రతి జూన్‌లోనూ ఉంచుతారో పంపిస్తారో తెలియని ఉద్యోగం. తలుపు ఎత్తు చాలదేమో అన్నట్టు తల వంచుకుని క్లాసులోకి వచ్చేవాడు, నిజానికి మా అందరిలోకీ పొట్టి ఆయనే. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాడి చొక్కా చేతిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూసేవాడు. "ఇది మిక్సింగప్పా, అచ్చం నూలు కాదు" అనేవాడు, నీకు జ్వరం ఉందని చెప్పేంత జాలిగా. తాను అలా పట్టుకుంటున్నానని ఆయనకే తెలియదు. కాలేజీ వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ ఏదో చెబుతుంటే ఆయన చొక్కా కూడా అలాగే పట్టుకున్నాడు. మాట బయటికి రాకముందే నాలుక కరుచుకున్నాడు. ప్రిన్సిపాల్ చొక్కా కూడా మిక్సింగేనని మాకందరికీ ఆ ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

ఆయన పాఠం చెప్పే తీరు ఒక్కటే. కిటికీ వైపు తిరిగి, మాకు వీపు చూపిస్తూ కవిత చదివేవాడు. రెండోసారి చదివేవాడు. తర్వాత మా వైపు తిరిగి, సుద్దముక్కను బీడీలా పట్టుకుని అడిగేవాడు.

"ఇప్పుడు చెప్పండి. యాడ తగిలింది?"

నలభై మంది తలలు దించుకునేవాళ్లం.

"సార్, సమ్మరీ చెప్పండి సార్" అని వెనక నుంచి ఎవరో అనేవాళ్లు.

"సమ్మరీ గైడులో ఉండాది. నీకు తగిలింది గైడులో ఉండదు కదప్పా. అది నువ్వే చెప్పాల."

ఒకసారి ముందు వరసలోని ఒక అమ్మాయి ధైర్యం చేసి లేచి, "నాకేం తగల్లేదు సార్" అంది. ఏడాదంతా ఎదురుచూసిన జవాబు దొరికినట్టు సంబరపడ్డాడు. "నిజం చెప్పినావమ్మా! ఇంగ రెండోసారి సదువు" అన్నాడు. ఆ అమ్మాయి కూర్చుని ఏడ్చింది. ఆయన సంబరం మాకెప్పుడూ అర్థమయ్యేది కాదు.

బేరం అనేది ఆయనకు బొత్తిగా తెలియదు. ఒక సాయంత్రం పాల గిన్నె కోసం మా అంగడికి వచ్చాడు. గల్లా దగ్గర మా నాయన, పక్కన నేను. మా నాయన మామూలుగా చెప్పే రేటు చెప్పాడు. అంటే దిగడానికి నాలుగు మెట్లు ఉంచుకుని పైన నిలబడ్డాడు. సారు జేబులో చెయ్యి పెట్టి ఆ మొత్తం తీసి గల్లా మీద పెట్టేశాడు. మా నాయన ముఖం చూడాలి. కుస్తీకి దిగినవాడి ఎదుట అవతలివాడు నేల మీద పడుకుంటే ఏం చేస్తాడు?

"ఏమబ్బా, అడగాల్సింది అడక్కపోతే ఎట్లా?" అన్నాడు మా నాయన.

"మీరు చెప్పినారు కదండీ."

"చెప్తాను. నేను చెప్తాను, నువ్వు తగ్గించమంటావు. అదీ పద్ధతి."

"తగ్గేదైతే మీరే తగ్గించి చెప్పింటారు గదా" అన్నాడు సారు. వ్యంగ్యం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు.

మా నాయన తనతో తానే బేరమాడుకుని రెండుసార్లు తగ్గించాడు, మూడోసారి ఒక గరిటె ఊరికే ఇచ్చాడు. సారు వెళ్లాక చాలాసేపు గొణిగాడు. "ఇట్లాంటోళ్లతో యాపారం చెయ్యలేంరా. మనల్ని మంచోళ్లను చేసి పోతారు."

మా ఆఖరి సంవత్సరంలో చిక్కు వచ్చింది. ఇంగ్లీషు పేపర్లో ఒక పెద్ద ప్రశ్న ఉంటుంది. సిలబస్‌లో లేని, మేమెప్పుడూ చూడని ఒక కవిత ఇస్తారు. దాన్ని విశ్లేషిస్తూ వ్యాసం రాయాలి. అందులోనే 'ఈ కవిత చదివినప్పుడు మీకు కలిగిన స్వంత స్పందన' కూడా రాయాలి. గైడుకు అందని ప్రశ్న అది. అంతకు ముందు సంవత్సరం సగం మంది ఆ పేపర్లో పోయారు. ఒక రోజు ప్రిన్సిపాల్ మా క్లాసుకే వచ్చి, సారు పక్కనే నిలబడి ఉండగా, మాతో అన్నాడు.

"ఈసారి ఈ పేపర్లో రిజల్టు రాకపోతే వచ్చే జూన్‌లో మీ జూనియర్లకు కొత్త సారు వస్తాడు. మీరే సూసుకోండి."

సారు సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ నేల చూశాడు. ఆయన ప్రతి శనివారం నగరికి పోయి వచ్చేవాడు. అక్కడ అమ్మ ఒక్కతే. ఏళ్ల తరబడి దారాలు చూసి చూసి కళ్లు మసకబారాయి, మగ్గం ఎప్పుడో ఆగిపోయింది. ఇద్దరికీ ఈ జీతమే ఆధారం. ఆ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు.

ప్రిన్సిపాల్ వెళ్లాక క్లాసంతా నా వైపు చూసింది. బేరమంటే నేను. లేచాను.

"సార్, ఒక మోడల్ ఆన్సర్ ఇయ్యండి సార్."

"దేనికప్పా మోడలు? ఏ పోయెం వస్తాదో నాకే తెలీదు."

"ఏదొచ్చినా సరిపోయేట్టు సార్."

"ఏదొచ్చినా సరిపోయే చొక్కా యాడన్నా ఉండాదా?"

"ఫ్రీ సైజు ఉండాది కద్సార్" అన్నాను. క్లాసు గొల్లుమంది. సారు కూడా నవ్వాడు. ఎదుటివాడు నవ్వితే సగం దిగినట్టే అని మా నాయన దగ్గర నేర్చుకున్నాను.

పెద్ద గిన్నె అడగకూడదు, ముందు మూత అడగాలి. "మొత్తం వద్దు సార్. ఎట్లా మొదలుపెట్టాలో అంత వరకే." ఆయన మొదటి పేరా చెప్పాడు. "మధ్యలో ఏం రాయాలో ఊరికే గుర్తులు సార్." మధ్యలో చెప్పాడు. "ముగించేది రాకుంటే మార్కులు పోతాయంట సార్." ముగింపు కూడా చెప్పాడు. మిగిలింది స్వంత స్పందన.

"అది మాత్రం నన్ను అడగొద్దు. మీ స్పందన నేనెట్లా చెప్పేది?"

"మాది వద్దు సార్. మీది చెప్పండి. ఎట్లుంటాదో సూస్తాం."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తన అమ్మ గురించి ఇంగ్లీషులో, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పాడు. మగ్గం ఆడుతూ ఉండగా దారం తెగుతుంది. అమ్మ మగ్గం ఆపుతుంది. వేలు తడి చేసుకుని తెగిన కొసలు రెండూ కలిపి ముడి వేస్తుంది. చీర నేశాక ఆ ముడి కంటికి కనపడదు. కనపడితే రేటు పోతుంది. కానీ బొటనవేలు పెట్టి మెల్లగా తడుముకుంటూ పోతే ఒక చోట చిన్నగా తగులుతుంది. ఇక్కడ తెగింది, ఇక్కడ ఒక మనిషి ఆగింది అని తెలుస్తుంది. కవితను కూడా నేను అలాగే చదువుతాను, కవి ఎక్కడ ఆగాడో వెతుకుతాను అని ముగించాడు.

ఇటు తిరిగేసరికి నలభై తలలూ వంగి ఉన్నాయి. నలభై పెన్నులు పరిగెడుతున్నాయి.

"రాసుకోవద్దండప్పా, అది నాది" అన్నాడు. గంట కొట్టారు.

పరీక్షలో మంచు మీద కవిత వచ్చింది. మా జన్మలో మంచు చూసినవాళ్లం కాదు. తిరుపతిలో మంచు అంటే పండ్ల రసం బండి మీద గోనెపట్టా కప్పిన గడ్డ. హాలులో ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. తర్వాత అందరం ఒకేసారి రాయడం మొదలుపెట్టాం. మంచు గురించిన ఈ కవిత చదవగానే నగరిలో మగ్గం ముందు కూర్చున్న మా అమ్మ గుర్తుకు వచ్చింది.

నలభై మందికి ఒకే అమ్మ. పీలేరు పిల్లవాడికీ ఆమే, శ్రీకాళహస్తి పిల్లవాడికీ ఆమే. మేడ మీద నుంచి దిగి ఎరగని ఒక డాక్టరుగారి అమ్మాయికీ ఆమే. చిన్నప్పుడే తల్లి పోయిన ఒక అమ్మాయి కూడా మగ్గం ముందు తన తల్లిని కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి తర్వాత నాతో అంది, "రాస్తా ఉంటే కొంచేపు నిజమే అనిపించింది" అని. నేను మాత్రం తెలివిగా, దొరకకుండా ఉండాలని అమ్మను తీసి నాయనమ్మను పెట్టాను. ఇంతకంటే గొప్ప మార్పు చేసినవాడు హాలులో లేడు.

పేపర్లు దిద్దింది వేరే ఊరి మేడమ్. తర్వాత మాకు తెలిసిన దాన్ని బట్టి, మొదటి పేపరు చదివి ఆమె కళ్లు తుడుచుకుందట. రెండోది వచ్చినప్పుడు, నగరిలో మగ్గాలు ఎక్కువే కదా అనుకుందట. మూడోదానికి కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుందట. నాయనమ్మ వచ్చేసరికి కుర్చీలోంచి లేచి నేరుగా పైవాళ్ల దగ్గరికి పోయిందట.

సామూహిక కాపీ అన్నారు. మా అందరి రిజల్టు ఆపేశారు. విచారణ కమిటీ వేశారు. పిల్లలు హాలులో కాపీ కొట్టారని తేలితే మూడేళ్లు పరీక్ష రాయనివ్వరు. క్లాసులో సారే చెప్పి బట్టీ పట్టించాడని తేలితే మాకు ఆ ఒక్క పేపరు మళ్లీ పెడతారు, ఆయనను తీసేస్తారు. "నేను చెప్పలేదు" అని ఆయన ఒక్క మాటంటే ఆయన ఉద్యోగం నిలబడుతుంది. సాక్ష్యం ఏదీ లేదు. బోర్డు మీద ఆయన ఒక్క అక్షరం రాయలేదు, నోటుపుస్తకాల్లో ఉన్నది మా చేతిరాతే.

కమిటీ కూర్చునే ముందురోజు సాయంత్రం క్లాసు తరఫున నన్నే పంపారు. కొర్లగుంటలో ఒక మిద్దె మీద ఆయన గది. దారి పొడుగునా బేరం సిద్ధం చేసుకున్నాను. ముందు అందరి తల్లిదండ్రుల గోడు చెబుతాను. ఒప్పుకోకపోతే ఆ తల్లి లేని అమ్మాయి సంగతి. అప్పటికీ కాకపోతే ఏడుస్తాను. మూడు మెట్లు.

ఆయన స్టవ్ మీద చారు పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి చాప పరిచాడు.

"సార్, రేపు కమిటీలో..." అన్నాను.

"నేనే చెప్పినానని చెప్తానప్పా."

అంతే. నా మూడు మెట్లూ నా దగ్గరే ఉండిపోయాయి. గల్లా దగ్గర మా నాయన ముఖం ఎలా మారిందో నా ముఖమూ అలాగే మారి ఉండాలి.

"మీ ఉద్యోగం పోతాది సార్."

"చెప్పింది నేనే గదా. చెప్పలేదని ఎట్లా అనేది?"

"మీరు రాసుకోవద్దన్నారు కద్సార్. అది చెప్పండి. సగం మామీద ఎయ్యండి." నేను ఆయన తరఫున నాతోనే బేరమాడటం మొదలుపెట్టాను. ఆయన వినలేదు. చారులో గరిటె తిప్పుతూ నవ్వాడు.

"మా అమ్మకు తెలీదప్పా, ఇంతమంది బిడ్డలుండారని. శనివారం పోయి చెప్పినాను. వాళ్లంతా అన్నం తిన్నారా అనడిగింది." గరిటె పక్కన పెట్టి చెయ్యి చాపాడు. "కొశ్చన్ పేపరు ఉండాదా నీ దగ్గర?"

బేరానికి పనికొస్తుందని తెచ్చింది జేబులోనే ఉంది. ఇచ్చాను.

"దీన్ని ఎవురైనా సదివినారా?"

"సార్?"

"ఈ పోయెం. నలభై మందిలో ఒకరైనా మొత్తం సదివినారా?"

నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను. ఉద్యోగం పోతుందన్నప్పుడు మారని ముఖం అప్పుడు మారింది. లేచి కిటికీ వైపు తిరిగి చదివాడు. ఆ గది కిటికీలోంచి ఎదురింటి నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ కనపడదు. రెండోసారి తెలుగులో అర్థం చెబుతూ చదివాడు. చాలా కాలం తర్వాత ఒక మనిషి ఒక ఇంటికి వస్తాడు. తలుపు మూసి ఉంటుంది. గడప నుంచి మంచు మీద అడుగుజాడలు ఉంటాయి, అన్నీ బయటికి పోయేవే. అంతే కవిత.

ఇటు తిరిగాడు. "యాడ తగిలింది?"

తప్పించుకోవడానికి వెనక బెంచీ లేదు. గైడు లేదు. గదిలో ఇద్దరమే.

"సార్... అడుగులు ఇంగా చెరిగిపోలేదు కదా. అంటే వాళ్లు ఇప్పుడే పోయినారు. ఈయప్ప కొంచెం ముందొచ్చింటే దొరికిండేవాళ్లు" అన్నాను.

ఆయన కొశ్చన్ పేపరు మడిచి నాకిచ్చాడు. తర్వాత నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి నలపలేదు. ఊరికే పట్టుకున్నాడు.

"ఇంతే కదప్పా. ఇది రాసేదానికి మా అమ్మను ఎందుకు పిలిచినారు?"

చారు పొంగింది. ఆయన పోయి దించాడు. నాకు కూడా అన్నం పెట్టాడు.

మరుసటి రోజు కమిటీ గది బయట నేను నిలబడి ఉన్నాను. లోపల ఆయన మాట్లాడింది రెండు నిమిషాలు కూడా కాదు. ఒక పెద్దాయన మెత్తగా, "ఆలోచించుకుని చెప్పండి, తొందరేం లేదు" అనడం వినపడింది. అంటే దిగడానికి సారుకు మెట్టు వేశారు. ఆయన దాని మీద కాలు పెట్టలేదు. తల వంచుకుని ఆ ఎత్తైన తలుపులోంచి బయటికి వచ్చాడు. నన్ను చూసి, "పోయి సదువుకో. మళ్లీ కొత్త పోయెం వస్తాది" అన్నాడు. ఆ వారమే నగరికి వెళ్లిపోయాడు. అక్కడ పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నాడని విన్నాను. ఒకసారి పోవాలి, పోవాలి అనుకున్నాను. అంగట్లో కూర్చున్నవాడికి ఎప్పుడూ ఎవరో ఒక గిరాకీ ఎదురుగా ఉంటుంది.

పరీక్ష మళ్లీ పెట్టారు. ఈసారి ఒక గుర్రం మీద కవిత. నేను దాన్ని చదివాను. రెండోసారి చదివాను. మూడోసారి చదివాను. గొప్పగా ఏదో రాశానని ఇక్కడ చెప్పుకుంటే బాగుంటుంది. ఏమీ తగల్లేదు. ఎదురుగా నిలబడి అడిగే మనిషి లేకపోతే నాకు తగిలేది కాదని ఆ హాలులో తెలిసింది. చుట్టూ చూశాను, అందరూ గైడులోంచి బట్టీ పట్టిన సాధారణ విశ్లేషణ ఒకటి దించుతున్నారు. నేనూ దించాను. అందరం పాసయ్యాం. దాన్ని మాత్రం ఎవరూ కాపీ అనలేదు.

పోయిన నెల మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆయన పోయాడని వచ్చింది. ఒకమ్మాయి నాలుగు మంచి మాటలు రాసింది, ఆయన మాకు చదువే కాదు, జీవితాన్ని నేర్పాడని. కింద రెండోవాడు అదే పెట్టాడు. మూడోవాడూ అదే. సాయంత్రానికి దాదాపు అందరూ, అక్షరం మారకుండా, అదే పెట్టారు. నేను నా సొంతంగా రాద్దామని అంగట్లో కూర్చుని చాలాసేపు ప్రయత్నించాను. గిరాకీ వచ్చింది. వేలు పెట్టి నొక్కి, కాపీ చేసి, నేనూ అదే పంపాను.

ఇక లెక్క. ఆయనకు ఉద్యోగం పోయింది, మళ్లీ ఏ కాలేజీలోనూ రాలేదు. మా నలభై మందికీ డిగ్రీ వచ్చింది. మాలో ఇద్దరు ఇంగ్లీషు లెక్చరర్లయ్యారు, ఇద్దరూ నోట్సు చెప్పి రాయిస్తారు. ఆ డిగ్రీతో నేను చేసిన పని ఒక్కటీ లేదు. గిన్నెలు అమ్మడానికి అది అడగరు. ఆయన మూడేళ్లు మమ్మల్ని అడుగుతూనే ఉన్నాడు. జవాబుగా మా అందరి దగ్గర నుంచీ కలిపి ఆయన చేతికి వెళ్లింది ఒక్క మాట. అదీ, పరీక్ష అయిపోయాక.